అర తగ్గించాలి

"వంద పాయింట్ మూడు," అన్నాడు కాటాల మెకానిక్, థర్మామీటరుని కిటికీ వెలుతురు వైపు తిప్పి. "ఇంకో పాయింటు ఉంది. గంట ఆగి మళ్ళీ చూద్దాం."

భార్య ఆ మాట వినిపించుకోలేదు. పిల్ల నుదుటి మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. యూనిఫారాలు కుట్టే దుకాణంలో పదేళ్ళుగా ఇస్త్రీపెట్టె పక్కన కూర్చుంటున్న మనిషి ఆమె. ఏది వెచ్చగా ఉందో, ఏది కాలిపోతోందో ఆ అరచేతికి ఒకరు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి ఎందుకో మనసు ఆగక, కుడుతున్న కాలరు మిషను మీదే వదిలేసి ఇంటికొచ్చింది. వచ్చేసరికి పిల్ల ఇలా ఉంది.

"అందులో ఎంత ఉంది?" అని అడిగింది.

"చెప్పాగా, వంద పాయింట్ మూడని."

"మీ లెక్క కాదు. అందులో కనిపిస్తున్నది ఎంత?"

"ఎనిమిది. అర తగ్గిస్తే మూడు."

ఈ అర సంగతి ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. థర్మామీటరు వెనక చిన్న కాగితం ముక్క అంటించి ఉంటుంది. 'అర తగ్గించాలి' అని దాని మీద అతని గుండ్రటి అక్షరాలు. మొదటి కీమో అయ్యాక పిల్లని ఇంటికి తెచ్చిన వారంలోనే ఆ థర్మామీటరుని కింద తన షాపుకి పట్టుకెళ్ళి, గోరువెచ్చని నీళ్ళలో మరో మూడింటితో పాటు ముంచి చూసి, ఇది అర డిగ్రీ ఎక్కువ చూపిస్తోందని తేల్చుకొచ్చాడు. కొత్తది కొనండి మహానుభావా అని ఆమె మొత్తుకుంది. వింటేగా. ఎంత తప్పు చూపిస్తుందో తెలిసిన కాటా మంచి కాటాయేనట. షాపులో గిరాకీలకి చెప్పే మాటే పెళ్ళానికీ చెప్పాడు.

గోడ మీద ఆసుపత్రి వాళ్ళిచ్చిన అట్ట ఉంది. వంద పాయింట్ నాలుగు వస్తే గంటలోపు తీసుకురావాలి, ఇంట్లో జ్వరం మందు వెయ్యకూడదు అని ఎర్ర అక్షరాల్లో. కీమో అయిన రెండో వారంలో ఒంట్లో తెల్లకణాలు అడుగంటిపోతాయని, అప్పుడొచ్చే జ్వరం ఇల్లంటుకోవడం లాంటిదని అక్కడి సిస్టరు పదిసార్లు చెప్పింది. ఇది రెండో వారమే.

"ఒక్క పాయింటు కోసం గంట ఆగుతారా?" అంది భార్య.

"పోయినసారి ఏమైంది? సరిగ్గా నాలుగు వచ్చిందని ఉరుకులు పరుగుల మీద తీసుకెళ్ళాం. ఎనిమిది రోజులు పెట్టుకున్నారు. నరం దొరక్క నాలుగు చోట్ల పొడిచారు. చివరికి ఏమీ లేదన్నారు." గొంతు తగ్గించాడు. "ఈసారి అక్కడికి తీసుకెళ్ళనని దానికి మాటిచ్చాను."

"ఎవర్నడిగి ఇచ్చారు?"



పిల్ల కిటికీ కింద పరుపు మీద ముడుచుకుని పడుకుని ఉంది. అయిదేళ్ళది. పిడుగు అని పిలుస్తారు. ఒకప్పుడు ఆ పేరు సరిపోయేది. ఇప్పుడు నోరంతా పుళ్ళు. నాలుక తెల్లగా పూసి, పెదవుల మూలలు పగిలి, మూడు రోజులుగా ఒక్క మాట లేదు. చల్లటి పాలు గొట్టంతో నాలుగు గుక్కలు తాగితే అదే పండగ. మాటలకి బదులు వేళ్ళతో ఒక భాష తయారు చేసుకున్నారు తల్లీకూతుళ్ళు. ఒక వేలు ఎత్తితే దాహం. రెండు వేళ్ళు వాంతి. పిడికిలి బిగిస్తే వద్దు. ఎవరైనా కావాలంటే వాళ్ళ వైపు వేలు చూపించి దించకుండా పట్టుకుంటుంది.

ఇప్పుడు రెండు వేళ్ళు ఎత్తింది.

పరుపు చివర కూర్చున్న నాయనమ్మ గిన్నె అందించేలోపే పచ్చటి నీళ్ళు దిండు మీద పడ్డాయి. భార్య ఒక్కసారి తలెత్తి మొగుడి చొక్కా చూసింది. మిషను నూనె మరకలు. భార్య కేక వినగానే షాపులోంచి పరిగెత్తుకొచ్చాడు కదా, గుమ్మం బయట చొక్కా మార్చుకోవడం మర్చిపోయాడు. ఆ వాసన పడితే పిల్లకి కడుపులో తిప్పేస్తుందని తెలిసి కూడా.

"ముందు ఆ చొక్కా విప్పి బయట పారెయ్యండి," అంది. "ఆ థర్మామీటరు ఇటివ్వండి. నేనే చూస్తాను."

అతను ఇచ్చి బయటికి నడిచాడు. ఆమె దాన్ని పిల్ల చంకలో పెట్టబోయింది. పెట్టబోయి ఆగింది.

ఆమె బొటనవేలు అలవాటు కొద్దీ గాటు కోసం వెతుక్కుంది. పోయిన విడతలో స్టెరాయిడ్ మందు వేసిన అయిదు రోజులూ పిల్ల ఇల్లు పీకి పందిరేసింది. తెల్లవారుజామునే ఆకలని ఏడుపు, పెట్టింది విసిరికొట్టడం, పెట్టలేదని తలుపులు తన్నడం. ఆ ఊపులో థర్మామీటరుని నోట్లోకి లాక్కుని కసిగా ఒక్క కొరుకు కొరికింది. తెల్లటి ప్లాస్టిక్ మీద రెండు పళ్ళ గాట్లు లోతుగా పడ్డాయి. అప్పటినుంచీ ఎప్పుడు పట్టుకున్నా ఆమె బొటనవేలు వెళ్ళి ఆ గాట్లలోనే ఆగేది.

ఇప్పుడు వేలు ఆగడానికి చోటు లేదు. ప్లాస్టిక్ నున్నగా ఉంది.

వెనక్కి తిప్పింది. కాగితం ముక్క ఉంది. 'అర తగ్గించాలి'. అవే గుండ్రటి అక్షరాలు. అంచులు మాత్రం ముడతలు పడ్డాయి, ఒకసారి తడిసి ఆరినట్టు.

గదిలో గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"అత్తయ్యా," అంది ఆమె. గట్టిగా అనలేదు. అందుకే అత్తగారు గిన్నె కింద పెట్టేసింది. "ఇది ఎక్కడిది?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. సోమవారం పొద్దున కడుగుతుంటే చేతిలోంచి జారిందని, రాతి గచ్చు మీద పడి అద్దం పగిలిపోయిందని, అంకెలు రావడం మానేశాయని మెల్లగా చెప్పింది. వీధి చివర మందుల షాపుకెళ్ళి అచ్చం అలాంటిదే అడిగి తెచ్చానంది. పాతదాన్ని వేడినీళ్ళ ఆవిరి మీద పెట్టి కాగితం ఊడదీసి కొత్తదానికి అంటించానంది.

"కాగితం ఎందుకు అంటించారు?"

"నీకు తేడా తెలియకూడదని."

మెకానిక్ బనీనుతో గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అతనికి అందరికంటే ముందు అర్థమైంది. కొత్త థర్మామీటరు అబద్ధం చెప్పదు. అది వంద పాయింట్ ఎనిమిది అంటే ఎనిమిదే. సోమవారం నుంచీ తను తగ్గించిన ప్రతి అరా పిల్ల ఒంట్లోని నిజమైన జ్వరం.

ఆమె గోడ మీది జ్వరం కాగితం చింపినంత పని చేసి లాగింది. పొద్దునా సాయంత్రం చూసి రాసే గళ్ళ కాగితం అది. చెవి వెనక ఎప్పుడూ ఉండే గుడ్డలు గీసే పెన్సిలు తీసి, సోమవారం సాయంత్రం గడిలో ఉన్న తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిదిని కొట్టేసి, పక్కన వంద పాయింట్ నాలుగు అని రాసింది. మంగళవారం పొద్దున నాలుగు. సాయంత్రం ఆరు. ఈ పొద్దున ఆరు. పెన్సిలు ముల్లు విరిగింది. పైన ఆదివారం గళ్ళ దాకా ఆ పెన్సిలు వెళ్ళలేదు. అవి రెండూ ఆమె రాతే. రెండింట్లోనూ తొంభై తొమ్మిది పాయింట్ రెండు.

"సోమవారం సాయంత్రానికే నాలుగు," అంది. "రెండు రోజులు. గంటలోపు రమ్మన్నారు అక్కడ. మనం రెండు రోజులు దీన్ని చూస్తూ కూర్చున్నాం."

"అమ్మాయ్, తప్పయిపోయింది," అంది అత్తగారు.

"పగిలితే పగిలిందని చెప్పడానికి నోరు లేదా మీకు? పక్కింటి సంగతులు చెప్పమంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్తారే. ఒక్క మాట. పగిలింది అని ఒక్క మాట."

అత్తగారు తలెత్తింది. "ఆదివారం నోరు పుక్కిలించే మందు సీసా నా చేతిలో పగిలిందని నువ్వేమన్నావో గుర్తుందా? ఇంకో వస్తువు పగిలితే నా పెట్టె నువ్వే సర్దుతానన్నావు. మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఆగి విన్నారు. ఆ నోటికి భయపడి చెప్పలేదు, చాలా?"

చాలు. చాలక ఏమవుతుంది. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. భయమట. తన నోటికి భయమట. ఆరు నెలలుగా ఊడిన జుట్టు ఊడ్చింది తను. ఆ బోడితలకి కుట్టు ఒరుసుకుని గీరుకుపోతోందని కుట్టంతా బయటికి వచ్చేలా ఏడు టోపీలు కుట్టింది తను. వాంతి దుప్పట్లు ఉతికి, మలబద్ధకానికో మందు, విరేచనాలకో మందు వేళ తప్పకుండా పోసి, దుకాణానికెళ్ళి నిలబడి, నవ్వమన్నప్పుడు నవ్వి వచ్చింది తను. తన కోపానికి వీళ్ళు భయపడతారట, పిల్ల జ్వరానికి భయపడరట.

"ఇప్పుడూ అదే అంటున్నాను," అంది. "రేపు పొద్దున్నే మీ పెట్టె సర్దుకోండి. నా పిల్ల దగ్గర మీరుండడానికి వీల్లేదు."

"ఏయ్," అన్నాడు మొగుడు.

"మీరు మాట్లాడకండి. ఆవిడ అంటించింది. రాసింది మీరు."

పరుపు మీద పిల్ల పిడికిలి బిగించింది. ముగ్గురిలో ఎవరూ అటు చూడలేదు.

*

కారు మాట్లాడుకుని ఆసుపత్రికి బయల్దేరారు. డ్రైవరు ఒకసారి అద్దంలోంచి పిల్ల టోపీ చూసి, అడక్కుండానే కిటికీ అద్దాలు ఎక్కించాడు. ఆమె పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు సీట్లో మెకానిక్ ఆ కొత్త థర్మామీటరు మీది కాగితాన్ని గోటితో గీకుతూనే ఉన్నాడు. అత్తగారు అటు పక్క తలుపుకి అంటుకుని, వాంతి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కుక్కిన పేనులా కూర్చుంది. రావద్దని అనబోయింది కోడలు. పిల్ల కాళ్ళు ఆవిడ ఒళ్ళో ఉన్నాయి, తీయబోతే పిల్ల తీయనివ్వలేదు.

జ్వరం పిల్లలకి ఆసుపత్రిలో వేరే గుమ్మం. మిగతా వాళ్ళతో కూర్చోబెట్టరు. లోపల గదిలో పెద్ద సిస్టరు వీళ్ళని చూడగానే చేస్తున్న పని ఆపింది. పొట్టి మనిషి, చకచకా నడుస్తుంది, పిల్లలందరికీ తలా ఒక ముద్దుపేరు పెట్టింది. ఇవాళ ఆ పేరు పెట్టి పిలవలేదు. చెవిలో పెట్టి చూసే యంత్రం పెట్టి చూసింది. నూట ఒకటి పాయింట్ ఆరు.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది, చేతులకి తొడుగులు వేసుకుంటూ.

"ఇవాళ మధ్యాహ్నం నుంచి," అన్నాడు మెకానిక్.

ఆమె మొగుడి వైపు తిరిగి చూసింది. కూరగాయల కొట్టువాడు యాభై గ్రాములు అటూ ఇటూ చెయ్యమని బతిమాలితే, నా చేత్తో తప్పుడు కాటాకి సీలు వెయ్యనని తగువు పెట్టుకుని గిరాకీ పోగొట్టుకున్న మనిషి ఇతనేనా అనుకుంది. పదేళ్ళ కాపురంలో అతని నోట అబద్ధం వినడం అదే మొదటిసారి. అదీ ఇక్కడ, ఇప్పుడు.

"అబద్ధం," అంది. "సోమవారం నుంచి."

"ఇప్పుడవన్నీ ఎందుకు," అన్నాడతను గొణుగుతూ.

"ఎందుకా? మీ అర డిగ్రీ పరువు పోతుందనా? పోనివ్వండి. సిస్టర్, సోమవారం సాయంత్రానికే నాలుగుంది. మా ఆయన తెలివితేటల వల్ల రెండు రోజులు మాకు తెలియలేదు. మా అత్తగారి తెలివితేటల వల్ల తప్పు ఎక్కడుందో కూడా తెలియలేదు."

అంటూ జరిగిందంతా గడగడా చెప్పేసింది. పగలడం, కొనడం, కాగితం అంటించడం, తగ్గించడం. చెబుతుంటే కడుపులో కాస్త హాయిగా కూడా అనిపించింది. పక్క మంచాల దగ్గరి తల్లులు చెవులు రిక్కించారు. అత్తగారు గిన్నె వైపే చూస్తూ నిలబడింది. మెకానిక్ బనీను మీద వేసుకొచ్చిన కోటు గుండీలు పెట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

సిస్టరు ఎవర్నీ తిట్టలేదు. రెండు సీసాల్లోకి రక్తం తీస్తూ అంతా వింది. విన్నాక ఒకటే అడిగింది.

"చలి వచ్చిందా? వణికిందా? అదెప్పుడు మొదలైంది? జ్వరం అంకెల కంటే అది నాకు ముఖ్యం. డాక్టరుగారు రాగానే మొదటి ప్రశ్న అదే అడుగుతారు. దాన్నిబట్టే ఏ మందు ఎక్కించాలో, ఇంకేం వెతకాలో ఆలోచిస్తారు."

పెద్దవాళ్ళు ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వణకడం ఎవరూ చూడలేదు. పిల్ల రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటుంది, వాటి కింద ఏం జరుగుతోందో చూసినవాళ్ళు లేరు.

సిస్టరు మంచం మీదికి వంగింది. "నువ్వు చెప్పమ్మా. పడుకున్నప్పుడు చలేసిందా నీకు?"

పిల్ల కళ్ళు సిస్టరు మీద నిలవలేదు. పక్కకి జరిగి తల్లి మొహం మీద ఆగాయి. అక్కడేదో వెతుక్కున్నాయి. తరవాత పిడికిలి బిగిసింది.

"వేయలేదా?"

పిడికిలి ఇంకా గట్టిగా బిగిసింది.

"లేదని కాదు సిస్టర్," అంది తల్లి. "చెప్పనని. మాకు తెలుసు ఆ పిడికిలి. పిడుగూ, చెప్పవే. డాక్టరుగారికి తెలియాలి."

పిల్ల పెదవులు విడిపడ్డాయి. మూలన ఎండిన పుండు పగిలి చిన్న రక్తపు చుక్క బయటికొచ్చింది. మూడు రోజుల తరవాత మొదటి మాట, గాలి లాంటి గొంతుతో.

"నానమ్మ పెట్టె."

అత్తగారు ఒక్కసారిగా మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

"నానమ్మ పెట్టె ఏమిటే?" అన్నాడు తండ్రి.

కానీ తల్లికి అర్థమైంది. చలేసిందని చెబితే ఇంకెవరి తప్పో బయటపడుతుంది. బయటపడితే అమ్మ కేకలేస్తుంది. కేకలేస్తే నానమ్మ పెట్టె సర్దుతారు. అయిదేళ్ళ పిల్ల, మాట్లాడలేక, కదల్లేక, దుప్పటి కింద వణుకుతూ ఈ లెక్కంతా కట్టుకుంది. నానమ్మని పంపెయ్యకూడదని తన చలిని దాచింది.

"సర్దను," అంది తల్లి. "నానమ్మ ఎక్కడికీ వెళ్ళదు."

పిల్ల నమ్మలేదు. పిడికిలి విప్పలేదు.

సిస్టరు గడియారం వైపు చూసింది.

తల్లి అత్తగారి వైపు తిరిగింది. కోపం పోలేదు. పోయినట్టు నటించడం ఆమెకి చేతకాదు, పిల్లకా సంగతి తెలుసు. పళ్ళ మధ్య నుంచి మాట కూడబలుక్కుని, ఆవిడ మొహం చూస్తూ అంది.

"అత్తయ్యా, మీరు మా ఇంట్లోనే ఉంటారు. ఎవరు పొమ్మన్నా వెళ్ళకండి. నేను పొమ్మన్నా వెళ్ళకండి."

ముసలావిడ తల ఊపింది.

పిడికిలి మెల్లగా వదులైంది.

"ఎన్ని రాత్రులు చలేసిందమ్మా?" అంది సిస్టరు. "వేళ్ళతో చూపించు."

ఒక వేలు లేచింది. అది నిన్న రాత్రి. రెండో వేలు లేచింది. అది సోమవారం రాత్రి. తల్లి లెక్క ప్రకారం అక్కడితో సరి. ఆమె ఊపిరి కూడా వదిలింది. చూశారా, నేను చెప్పిందేగా అన్నట్టు మొగుడి వైపు సగం తిరిగింది.

మూడో వేలు లేచింది.

"మూడా?" అంది సిస్టరు. "సరిగ్గా చూసుకుని చెప్పు తల్లీ. మూడు రాత్రులా?"

పిల్ల తల ఆడించింది. మూడు వేళ్ళూ అలాగే నిలబెట్టింది.

సిస్టరు జ్వరం కాగితం అందుకుంది. పెన్సిలు గీతలన్నీ దాటుకుంటూ ఆమె వేలు పైకి వెళ్ళింది. "అంటే ఆదివారం రాత్రి. మరి ఆదివారం సాయంత్రం తొంభై తొమ్మిది పాయింట్ రెండే ఉందే. పొద్దున కూడా అచ్చం అంతే. అప్పటికి పాత థర్మామీటరు బాగానే ఉందన్నమాట." తలెత్తింది. "సాయంత్రం చూసిందెవరు?"

ఆదివారం దుకాణానికి సెలవు. ఆ రోజంతా ఇంట్లో ఉన్నది ఎవరో, పిల్లని చూసుకున్నది ఎవరో అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

ఆ సాయంత్రం గంటసేపు నోటి మంటకి ఏడ్చి ఏడ్చి పిల్ల అప్పుడే కళ్ళు మూసింది. మందు సీసా పగిలిన కోపం కోడలికింకా దిగలేదు. థర్మామీటరు తీసింది. పెడితే లేస్తుంది. లేస్తే మళ్ళీ గంట. తరవాత చూస్తాలే అనుకుని, పొద్దుటి అంకే సాయంత్రం గడిలోనూ వేసేసింది. తరవాత చూడలేదు. కాగితం ముందు ఆమె నిలబడ్డప్పుడు కింద గాజుపెంకులు ఏరుతూ అత్తగారు తల పైకెత్తి చూసింది. థర్మామీటరు తిరిగి డబ్బాలోకి వెళ్ళడం చూసింది. రాయడం చూసింది.

చూసి కూడా మూడు రోజులు మాట్లాడలేదు. ఇందాక ఇంట్లో, మొగుడి ఎదురుగా, పిల్ల ఎదురుగా, పెట్టె సర్దుకోమన్నప్పుడు కూడా ఆ ఒక్క మాట తియ్యలేదు. తీసుంటే కోడలి నోరు అక్కడికక్కడే పడిపోయేది. అత్త కోడలికి బుద్ధి చెప్పి తెడ్డు నాకినట్టు అంటారు లోకంలో. ఈ ఇంట్లో తెడ్డు నాకింది కోడలు.

"నేనేనమ్మా," అంటోంది అత్తగారు సిస్టరుతో, గిన్నె గట్టిగా పట్టుకుని. "నేనే చూశాను. కళ్ళు సరిగ్గా ఆనవు నాకు. అంకె..."

"ఆ రాత ఆవిడది కాదు," అంది కోడలు. "నాది. చూడకుండా రాశాను."

పక్క మంచాల దగ్గరి తల్లులు ఇప్పుడు వేరే వైపు చూశారు. మెకానిక్ చేతిలోంచి కోటు గుండీ ఊడి గచ్చు మీద దొర్లింది. అతను వంగి దాన్ని తీసుకుని, మళ్ళీ లేవడానికి చాలాసేపు పట్టింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆమెకి ఉంది. అరిచినా, చెయ్యెత్తినా, నీ తెలివితేటలు అని తన మాట తనకే తిప్పికొట్టినా బాగుండును. వీళ్ళు తననెందుకు తిట్టరు అని మళ్ళీ కోపమే వచ్చింది, ఈసారి ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

సిస్టరుకి ఇవేవీ పట్టలేదు. కాగితం మీద 'ఆదివారం రాత్రి నుంచి చలి' అని గబగబా రాసుకుని తలుపు తీసి ఎవర్నో పేరు పెట్టి కేకేసింది. ఇద్దరు వచ్చారు. మంచం చక్రాల తాళాలు తీశారు. పిల్ల ఒళ్ళు దుప్పటి మీద నుంచి కూడా తెలిసేలా వణకడం మొదలుపెట్టింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నీలం టోపీ ఒక పక్కకి జారింది.

"వేరే గదిలోకి మారుస్తున్నాం," అంది సిస్టరు. "కణాలు లేని పిల్ల, అందర్నీ రానివ్వను. ఒక్కరే. రాత్రంతా దాని పక్కన ఉండేవాళ్ళు, చేతులు కడుక్కుని మాస్కు పెట్టుకుని రండి. ఎవరు వస్తారు?"

ఎవరంటే ఏమిటి. తల్లి అప్పటికే చేతులు చాపింది. మాస్కు కూడా అందుకుంది.

పిల్ల దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీసింది. సూది గుచ్చి పట్టీ వేసిన చెయ్యి, బరువుగా లేచింది. వేలు చూపించింది. దించకుండా పట్టుకుంది.

"వస్తున్నా బంగారం, వస్తున్నా," అంది తల్లి.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, సరిగ్గా తన వెనకే అత్తగారు గిన్నె పట్టుకుని నిలబడి ఉందని.

ఒక అడుగు పక్కకి వేసింది.

వేలు ఆమెతో పాటు కదల్లేదు.